పాత ప్రకటనను వార్హోల్ తరహా స్క్రీన్ ప్రింట్‌గా వేస్తుంటే చుక్కలు ముద్దవుతున్నాయి, రంగులు కుదరడం లేదు: ఏం చేయాలి?

పాత సబ్బు ప్రకటనను ఏ3 కాగితం మీద నాలుగు రంగుల్లో స్క్రీన్ ప్రింట్‌గా (ఫ్రేముకు బిగించిన సన్నని వల గుండా ఇంకు దించే అచ్చుగా) వేస్తున్నానని, నలుపులో ఫొటో నీడలను చూపే చుక్కలు ముద్దయిపోతున్నాయని, రంగులు ఒకదాని మీద ఒకటి కూర్చోవడం లేదని, అంతా అయ్యాక వార్హోల్ పనిలా అనిపించడం లేదని అడిగారు. చివరి ఇబ్బంది నుంచే మొదలుపెడదాం. మిగతా రెంటిలో సగం అక్కడే పుడుతుంది.

అమెరికన్ పాప్ ఆర్ట్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ అనగానే అందరికీ గుర్తొచ్చే క్యాంప్‌బెల్ సూప్ డబ్బాలు, అంటే 1962లో లాస్ ఏంజెలెస్‌లోని ఫెరస్ గ్యాలరీలో పెట్టిన ఆ 32 కాన్వాసులు, స్క్రీన్ ప్రింట్లు కావు. చేత్తో వేసినవి. ఫొటోను స్క్రీన్ మీదికి ఎక్కించే పద్ధతిని ఆయన ఆ ఏడాదే, వాటి తర్వాత పట్టుకున్నాడు. సూప్ డబ్బాలు కాగితం మీద పది స్క్రీన్ ప్రింట్ల సెట్టుగా వచ్చింది 1968లో. ఇది ఎందుకు చెబుతున్నానంటే, డబ్బాలది ఒక పద్ధతి, ఆయన వేసిన సినీ తార మార్లిన్ మన్రో ముఖాలది ఇంకో పద్ధతి. డబ్బాలో చుక్కలే ఉండవు. కత్తితో కోసినట్టుండే అంచులు, చదునైన రంగు, అంతే. మార్లిన్‌లో కింద చదును రంగులు, పైన ఫొటో నుంచి తీసిన చుక్కల నలుపు. మీ ప్రకటనలో రెండూ ఉన్నాయి కాబట్టి విడదీయండి: సబ్బు ప్యాకెట్టు, అక్షరాలు చదునుగా, ముఖం మాత్రమే చుక్కల్లో. మొత్తం బొమ్మను కంప్యూటర్లో ఒకే చుక్కల ఫిల్టర్‌లో వేస్తే అక్షరాల అంచులు రంపపు పళ్లలా వస్తాయి. అది ప్రకటనలా ఉండదు, చెడిపోయిన జిరాక్స్‌లా ఉంటుంది. అక్షరాలను మళ్లీ గీసుకోండి. ఒక పూట పడుతుంది, తప్పదు.

బొమ్మను నిలబెట్టేది నలుపే. మిగతా మూడు రంగులూ దాని కింద పరుపులాంటివి. అందుకే ముందు నలుపు పొర తయారు చేసుకోవాలి. ముఖాన్ని బూడిద రంగులోకి మార్చి కాంట్రాస్ట్ బాగా పెంచండి. జుట్టు, ముక్కు నీడ పూర్తి నలుపైపోవాలి, నుదురు, బుగ్గ తెల్లగా ఖాళీ అయిపోవాలి. చుక్కలు మిగలాల్సింది మధ్యలో సన్నని పట్టీల్లోనే. అంగుళానికి 30 నుంచి 35 చుక్కల వరుసలు, వరుసల కోణం 22.5 డిగ్రీలు, 600 డీపీఐ బిట్‌మ్యాప్ (నలుపు, తెలుపు మాత్రమే ఉండే ఫైలు) చాలు. కోణాన్ని సున్నా దగ్గర ఉంచితే మెష్ (స్క్రీన్ వల) దారాలతో చుక్కల వరుసలు కలిసి, మోరే అనే గళ్లు గళ్ల మచ్చ పడుతుంది.

ఇక ముద్దవడం. ఒక్క పరీక్షతో తేలుతుంది: ఆరిన స్క్రీన్‌ను కిటికీ వెలుగుకు ఎత్తి భూతద్దంతో చూడండి. స్క్రీన్‌లోనే చుక్కలు మూసుకుపోయి ఉంటే తప్పు ఎక్స్‌పోజర్‌లోనో (స్క్రీన్‌కు లైటు చూపించడంలోనో), లైటుకు అడ్డంగా బొమ్మ ఉంచే ఫిల్మ్‌లోనో ఉంది. స్క్రీన్‌లో తెరుచుకునే ఉండి కాగితం మీద ముద్దవుతుంటే తప్పు ఇంకులో, మెష్‌లో, చేతిలో ఉంది.

మొదటి రకమైతే, బట్టర్ పేపర్ మీద తీసిన ప్రింటు నలుపు చాలదు. లైటు చుక్కల గుండా దూరి కింద ఎమల్షన్‌ను, అంటే స్క్రీన్‌కు పూసిన, లైటు తగిలితే గట్టిపడే పూతను, గట్టిపరుస్తుంది. ఇంక్‌జెట్ ఫిల్మ్ గానీ, ఆఫ్‌సెట్ ప్రెస్ వాళ్ల దగ్గర తీయించిన పాజిటివ్ ఫిల్మ్ గానీ వాడండి. తర్వాత ఒకే స్క్రీన్ మీద అట్టముక్క జరుపుతూ ఐదు వేర్వేరు సమయాల పట్టీలు ఎక్స్‌పోజ్ చేసి మీ లైటుకు సరైనదేదో తేల్చుకోండి. కడిగేటప్పుడు లోపలివైపు ఎమల్షన్ జిగటగా కారితే టైము తక్కువైంది. ఎంత నీళ్లు కొట్టినా సన్న చుక్కలు తెరుచుకోకపోతే ఎక్కువైంది. బైక్రోమేట్ కలిపిన ఎమల్షనైతే పూసిన రోజే వాడేయాలి, చీకట్లో ఉంచినా అది మెల్లగా గట్టిపడుతుంది. పైగా అందులోని క్రోమియం విషం, చేతికి గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి. వీలైతే రెడీమేడ్ ఫొటోపాలిమర్ ఎమల్షన్ కొనండి.

రెండో రకమైతే మెష్ చూడండి. చదును రంగులకు సెంటీమీటరుకు 77 దారాలది సరిపోతుంది. చుక్కలకు 90 నుంచి 120 కావాలి. అంగుళానికి మెష్ దారాలు ఎన్నో లెక్కేసి ఐదుతో భాగిస్తే, అది మోయగల చుక్కల వరుసలు వస్తాయి. 90 మెష్ అంటే అంగుళానికి దాదాపు 230, అంటే 45 వరుసల దాకా ఫర్వాలేదు. స్క్రీన్‌కూ కాగితానికీ మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఎడం తప్పనిసరి. అది లేకపోతే మెష్ కాగితానికి అతుక్కుని, లేచేటప్పుడు ఇంకును నలిపేస్తుంది. స్క్వీజీ (ఇంకును లాగే పట్టీ) రబ్బరు గట్టిదనం 70 నుంచి 75 షోర్ ఉండాలి, అంచు పదునుగా ఉండాలి. అరిగి గుండ్రమైన అంచు ఇంకును ఎక్కువగా దించుతుంది. ఒకే లాగు, ఒకే ఒత్తిడి. రెండోసారి లాగితే చుక్క రెట్టింపవుతుంది.

మొదటి నాలుగు కాగితాలు బాగా వచ్చి ఐదో దాని నుంచి చుక్కలు ఎగిరిపోతుంటే, అది ముద్దవడం కాదు, ఇంకు మెష్‌లో ఎండిపోవడం. యాక్రిలిక్ రంగు, స్క్రీన్ మీడియం సమపాళ్లలో కలిపి, ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ 5 శాతం వేయండి. మన ఎండాకాలంలో ఫ్యాను కింద నీటి ఇంకు నిమిషాల్లో పట్టేస్తుంది, ఫ్యాను ఆపేయండి. ప్రతి లాగు తర్వాత స్క్రీన్ ఎత్తి, ఒత్తకుండా ఇంకును బొమ్మ మీద పరిచి ఉంచండి.

రంగులు పక్కకు జరగడానికి చాలామంది కనిపెట్టలేని కారణం ట్రేసింగ్ పేపర్, అదే పైన చెప్పిన బట్టర్ పేపర్. లేజర్ ప్రింటర్ వేడికి అది కుంచించుకుపోతుంది, నాలుగు షీట్లు నాలుగు రకాలుగా. ఏ3 పొడవులో ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా ఒక మూల కలుపుతుంటే ఎదురు మూల జారిపోతుంది. మీకు ఒక మూల కుదిరి ఇంకో మూల తప్పుతోందంటే కారణం ఇదే అయ్యుండాలి, లేదా మెష్ బిగువు తగ్గి ఉండాలి. బొమ్మ మొత్తం ఒకే దిశలో జరిగితే మాత్రం తప్పు ఫ్రేమును బల్లకు పట్టి ఉంచే హింజ్ క్లాంపుది, లేదా కాగితం ఆన్చే చోటుది. బల్ల మీద అట్టముక్కలు మూడు అంటించండి: పొడుగు అంచుకు రెండు, పొట్టి అంచుకు ఒకటి. ప్రతి రంగుకూ కాగితం అదే మూలను ఆన్చాలి. చెక్క ఫ్రేము కడిగిన ప్రతిసారీ వంకరపోతుంది, అల్యూమినియం తీసుకోండి. ఏ3కి లోపలి కొలత 20×24 అంగుళాలు ఉంటే అంచుల దగ్గర లాగు సుఖంగా ఉంటుంది. కాగితం 250 జీఎస్‌ఎమ్‌కు తగ్గితే నీటి ఇంకుకు అలలు తేలి, తర్వాతి రంగు కుదరదు.

తయారీలో నలుపు ముందైనా, అచ్చు వేసేటప్పుడు లేత రంగు ముందు, ముదురు తర్వాత, నలుపు చివర. కింది రంగులను నలుపు లోపలికి అర మిల్లీమీటరు చొప్పున దూర్చి గీసుకుంటే చిన్న జారుడు కనిపించదు.

పెదాల ఎరుపు గీత దాటి పక్కకు జరిగినట్టుండే ఆ వార్హోల్ తీరు కావాలంటే, ముందు అన్నీ కచ్చితంగా కుదిరిన ప్రూఫ్ (నమూనా అచ్చు) ఒకటి తీసుకోండి. తర్వాత ఆ ఒక్క రంగుకే అట్టముక్కలను 2 మిల్లీమీటర్లు జరిపి, కాగితాలన్నిటి మీదా ఆ రంగును అక్కడే వేయండి. అయ్యాక అట్టముక్కలను పాత గుర్తుకు తెచ్చి నలుపు వేయండి.