కణాలు ‘నశిస్తాయా’, ‘చేష్టలుడుగుతాయా’?

ప్రశ్న: మా తమ్ముడికి హాడ్జ్‌కిన్స్ వ్యాధి అని తేలింది. ‘ఈ రోగుల్లో రోగనిరోధక కణాలు నశిస్తాయి’ అని ఒక వ్యాసంలో చదివి వాడు బెంగపెట్టుకున్నాడు. ఇంకోచోట ‘నిర్వీర్యమవుతాయి’ అని ఉంది. ఏది సరైన మాట? పేరులో ఆ ‘స్’ అవసరమా?

జవాబు: ‘నశిస్తాయి’ అన్నది అక్కడ తప్పు మాట అని ముందు మీ తమ్ముడికి చెప్పండి. వ్యాకరణానికి లోటేమీ లేదు గాని, జరిగేది అది కాదు. నశించడమంటే లేకుండా పోవడం. ఇది లింఫు గ్రంథుల్లో వచ్చే ఒక క్యాన్సర్. ఈ జబ్బుతో వాచిన లింఫు గ్రంథి ముక్కను మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే రక్షణ కణాలు కిక్కిరిసి కనిపిస్తాయి. స్టెర్న్‌బర్గ్ అనే డాక్టరు 1898లోను, డొరోతీ రీడ్ అనే డాక్టరు 1902లోను వర్ణించిన పెద్ద కణాలు, జంట కేంద్రకాలతో గుడ్లగూబ కళ్లలా ఉండేవి, వాటి మధ్య ఎక్కడో ఒకటీ అరా ఉంటాయి. క్యాన్సర్ కణాలు అవే. గడ్డలో తరచు నూటికి ఒకటి రెండుకు మించవు. మిగతావన్నీ చుట్టూ మూగిన టి కణాలు, ఇయోసినోఫిల్స్, మాక్రోఫేజ్‌ల వంటి రక్షణ కణాలే.

అన్ని కణాలు చుట్టుముట్టి ఉండీ ఆ కొన్నింటిని ఏమీ చేయలేకపోతున్నాయి. క్యాన్సర్ కణం పైపొర మీద పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ దండిగా ఉంటుంది. అది టి కణం మీదున్న పీడీ-1కు తగిలితే టి కణానికి బ్రేక్ పడుతుంది. ఈ స్థితికి మనకు సిద్ధంగా ఒక మాట ఉంది: చేష్టలుడగడం. ఉడుగు అంటే అణగు, మాను. ‘వయసుడిగిన’ అనేది ఈ ఉడుగే. పామును చూసి చేష్టలుడిగి నిలబడ్డాడంటే మనిషి బతికే ఉన్నాడు, కాళ్లూ ఉన్నాయి, అడుగు మాత్రం పడడం లేదు.

ఇది గడ్డ దగ్గరే కాదు, చర్మం మీదా తెలుస్తుంది. ముంజేతి చర్మంలోకి కాస్త ట్యూబర్‌క్యులిన్ (క్షయ క్రిమి నుంచి తీసిన ప్రోటీన్ల ద్రవం) ఎక్కిస్తే, లోగడ క్షయ క్రిమి సోకినవారికి 48 నుంచి 72 గంటల్లో అక్కడ గట్టిగా ఉబ్బుతుంది. అలా ఉబ్బించేవి టి కణాలు. హాడ్జ్‌కిన్ రోగుల్లో చాలామందికి, క్షయ క్రిమి ఒంట్లో ఉన్నా, చర్మం నున్నగానే ఉండిపోతుంది. ఉలుకూ పలుకూ ఉండదు.

‘నిర్వీర్యం’ కొంత నయం. వీర్యమంటే బలం, అది పోయిందని అర్థం. కానీ ఇవాళ వార్తల్లో ఆ మాట బాంబులకు అతుక్కుపోయింది. నిర్వీర్యం చేసిన బాంబు మళ్లీ పేలదు. ఈ కణాల సంగతి అలా కాదు. పీడీ-1ను అడ్డుకునే నివోలుమాబ్ అనే మందును, వేరే చికిత్సల తర్వాత తిరగబెట్టిన ఈ జబ్బుకు, 2016లో అమెరికాలో అనుమతించారు. బ్రేక్ తీస్తే రక్షణ కణాలు తేరుకుంటాయన్నదే దాని వెనకున్న ఆలోచన. చేష్టలుడగడానికి జోడీగా తేరుకోవడం అనే మాట కూడా మనకు ఉండటం నాకెంతో నచ్చుతుంది. జబ్బుమనిషి చదివే వాక్యంలో ఆ తేడా చిన్నది కాదు.

ఒకటి గమనించండి. జబ్బు ముదిరితే రక్తంలో లింఫోసైట్ల (టి కణాలు కూడా చేరే తెల్ల రక్తకణాల) సంఖ్య నిజంగానే పడిపోవచ్చు. రిపోర్టు ఆ లెక్క గురించి చెబుతుంటే ‘తగ్గాయి’ అనే రాయాలి.

ఇక ‘స్’ అక్కర్లేదు. అది ఇంగ్లీషు షష్ఠీ విభక్తి. 1832లో ఈ జబ్బును వర్ణించిన థామస్ హాడ్జ్‌కిన్ పేరును 1865లో శామ్యూల్ విల్క్స్ దీనికి పెట్టాడు. హేలీ తోకచుక్క అంటాం గాని ‘హేలీస్ తోకచుక్క’ అనం కదా. హాడ్జ్‌కిన్ వ్యాధి అంటే చాలు. డాక్టర్లు ఇప్పుడు ఎక్కువగా హాడ్జ్‌కిన్ లింఫోమా అంటున్నారు.

ఆ వాక్యాన్ని ఇలా మార్చి మీ తమ్ముడికి చదివి వినిపించండి: ‘హాడ్జ్‌కిన్ వ్యాధిలో రక్షణ కణాలు గడ్డ చుట్టూ, గడ్డ లోపలా చేరి ఉంటాయి గాని, చేష్టలుడిగి ఉంటాయి.’