బ్లాక్ హోల్స్ మీద పీహెచ్‌డీ అంటోంది, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది. మోడిఫైడ్ గ్రావిటీలో (ఐన్‌స్టీన్ గురుత్వ సిద్ధాంతాన్ని సవరించిన సిద్ధాంతాల్లో) బ్లాక్ హోల్స్ మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఉద్యోగాలుంటాయా? డేటా సైన్స్ మేలు కదా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: ఉద్యోగం గురించి అడిగారు గానీ, మీ దిగులంతా అమ్మాయి వయసు, పెళ్లి గురించేనని తెలుస్తూనే ఉంది. పీహెచ్‌డీకి ఐదారేళ్లు, ఆపైన ఒకటో రెండో పోస్ట్‌డాక్‌లు, అంటే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు. ఫ్యాకల్టీ పోస్టు వచ్చేసరికి ముప్ఫై రెండు దాటడం మామూలే. కానీ జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు రూ.37,000, రెండేళ్ల తర్వాత రూ.42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. మీ మీద ఆధారపడదు. పెళ్లి సంగతి ఆమెతోనే నేరుగా మాట్లాడండి, దానికి డేటా సైన్స్‌ను అడ్డం పెట్టుకోకండి.

నా అనుమానమల్లా ఈ రంగంలో నడుస్తున్న ఫ్యాషన్ మీదే. ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి ఎఫ్(ఆర్), గాస్-బానే లాంటి ఏదో సవరణ తీసుకుని, మెట్రిక్‌లో (స్థలకాలపు వంపును చెప్పే సూత్రంలో) ఒక కొత్త పరామితి చేర్చి, హొరైజన్ (దాటితే వెనక్కి రాలేని హద్దు), ఉష్ణోగ్రత, షాడో (బ్లాక్ హోల్ చిత్రంలో కనిపించే నల్లటి నీడ) లెక్కగడితే ఒక పేపర్. పరామితి మారిస్తే ఇంకో పేపర్. తిరిగే బ్లాక్ హోల్ కావాలంటే తిరగనిదాని మెట్రిక్ నుంచి తిరిగేదాన్ని రాబట్టే న్యూమన్-జానిస్ అనే అడ్డదారి వాడేస్తారు. అలా వచ్చిన మెట్రిక్ ఆ సవరించిన సిద్ధాంతపు సమీకరణాలకు అసలు పరిష్కారమే కాకపోవచ్చు. వెనక్కి ప్రతిక్షేపించి చూసేవాళ్లు తక్కువ. పైగా బ్రాన్స్-డికీ అనే మరో సవరించిన సిద్ధాంతంలో స్థిరపడిన బ్లాక్ హోల్ ఐన్‌స్టీన్ చెప్పినదానిలాగే ఉంటుందని హాకింగ్ 1972లోనే చూపించాడు. అక్కడ కొత్తగా వెతికేదేముంది? 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ తారల కలయిక నుంచి గురుత్వ తరంగాలు, గామా కిరణాలు 1.7 సెకన్ల తేడాతో అందాయి. అంటే గురుత్వ తరంగాలు దాదాపు కాంతి వేగంతోనే వస్తాయన్నమాట. వాటికి వేరే వేగం చెప్పిన బోలెడు మోడళ్లు ఆ ఒక్క కొలతతో చెల్లకుండా పోయాయి. థీసిస్ మొత్తం ఒకే మోడల్ మీద పెట్టుకుంటే వచ్చే ప్రమాదం ఇదే.

కాబట్టి టాపిక్ కంటే ముందు గైడ్‌ను చూడమనండి. పరిష్కారం నిలకడగా ఉందో లేదో ఆయన పరీక్షిస్తారా? గురుత్వ తరంగాలను పట్టే లైగో పరికరాల డేటాతో పోల్చే పని ఉందా? పాత విద్యార్థులు ఇప్పుడెక్కడున్నారు?

డేటా సైన్స్ అంటారా, గురుత్వ తరంగాల డేటా మీద పనిచేసినవాళ్లకు పైథాన్ ప్రోగ్రామింగ్, బేయిషియన్ గణాంకాలు (సంభావ్యతతో డేటాను విశ్లేషించే పద్ధతి) ఎలాగూ వస్తాయి. తర్వాత అటు వెళ్లొచ్చు, ఇటు రావడమే కష్టం. హింగోలి జిల్లాలో కట్టే లైగో-ఇండియాకు 2023లో కేంద్ర క్యాబినెట్ ఆమోదం వచ్చింది, అక్కడా మనుషులు కావాలి. పక్కింటి అబ్బాయి ప్యాకేజీ లెక్కలు ఆమె ముందు తీయకండి.

దరఖాస్తుకు ముందు ఒక పని చేయమనండి. తిరగని మామూలు బ్లాక్ హోల్‌కు ఎల్=2 రకం గురుత్వ ప్రకంపనల్లో మొదటి క్వాసీ-నార్మల్ మోడ్‌ను (కదిలిస్తే బ్లాక్ హోల్ మోగి క్రమంగా ఆగిపోయే తీరును) లీవర్ అనే శాస్త్రవేత్త లెక్క పద్ధతిలో సొంత కోడ్‌తో రాబట్టాలి. జీ=సీ=1 ప్రమాణాల్లో దాని పౌనఃపున్యాన్ని ద్రవ్యరాశితో గుణిస్తే వాస్తవ భాగం 0.3737, క్షీణత భాగం 0.0890 రావాలి. రాకపోతే తప్పెక్కడుందో వెతకడానికి వారం పట్టొచ్చు. ఆ వారం ఆమె విసుక్కుందా, పట్టు వదలకుండా కూర్చుందా గమనించి అప్పుడు నాకు రాయండి.