సీటు కవర్లు: వేయాలా, తొడగాలా, కుట్టించాలా?

సందేహం: కొత్తగా కారు కొన్నవారి కోసం సీటు కవర్ల ఎంపిక మీద కరపత్రం రాస్తున్నాం. ‘సీటు కవర్లు’ సరా, ‘సీట్ల కవర్లు’ సరా? వాటిని వేస్తామా, తొడుగుతామా, కుట్టిస్తామా? ‘ఆసనాచ్ఛాదనం’ అని రాయమని ఒకరు సలహా ఇచ్చారు. ‘ముందు సీట్ల పక్కభాగం వదులుగా కుట్టించాలి’ అన్న మా వాక్యం సరిపోతుందా?

సమాధానం: ‘ఆసనాచ్ఛాదనం’లో సంధి దోషం ఏమీ లేదు. కానీ ఆ మాటతో అడిగితే కొట్లో ఎవరూ సరుకు బయటికి తీయరు. కొనేవాళ్లకు రాసేటప్పుడు అమ్మేవాళ్ల నోట ఉన్న మాటే మేలు.

‘సీటు కవర్లు’ సరి. వస్తువు ఏ రకానిదో చెప్పే సమాసంలో మొదటి మాట తరచు ఏకవచనంలోనే ఉంటుంది. చెవులు రెండైనా చెవి కమ్మలే, చేతులు రెండైనా చేతి గాజులే. ఫలానావి అని విడదీసినప్పుడు బహువచనం వస్తుంది: ‘ముందు సీట్ల కవర్లు ఉతికాం, వెనకవి ఉతకలేదు.’

అసలు చిక్కు క్రియ దగ్గర ఉంది. ‘వేయడం’ అన్నిటికీ చెల్లుతుంది గనకే రకం తెలియనివ్వదు. తువ్వాలు లాంటి గుడ్డనైతే సీటు మీద పరుస్తాం. సాగే అంచులతో సిద్ధంగా దొరికేదాన్ని సీటుకు తొడుగుతాం. విభక్తి కూడా మారిందని గమనించండి: పరచడానికి ‘మీద’, తొడగడానికి ‘కు’. కొలత తీసి చేయించుకునేదైతే కుట్టించి బిగిస్తారు. దీనికి కారు పేరొక్కటే చాలదు. ఏ సంవత్సరపు మోడలు, తల ఆనించే దిండ్లు ఊడివస్తాయా, వెనక సీటు ఒకే ముక్కా, 60:40గా, అంటే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయిన రెండు భాగాలుగా, విడివిడిగా మడతపడుతుందా అన్నవి చెప్పాలి. ఒకే ముక్కగా కుట్టిన కవరు బిగిస్తే, విడిగా మడతపడాల్సిన సీటు మడతపడదు.

తొడిగే వరుస రాసేటప్పుడు ఒక్కో పనికి ఉన్న క్రియను వాడండి. తలదిండు కడ్డీ మొదట్లోని మీట నొక్కి దిండును పైకి లాగాలి. కవరును సీటు వెన్నుకు, అంటే వీపు ఆనించే భాగానికి, పైనుంచి కిందికి తొడగాలి. కింది అంచును వెన్నుకూ కూర్చునే భాగానికీ మధ్య సందులో దోపి, వెనకనుంచి లాగి, కొక్కేలు తగిలించాలి. దోపడం సరిగా లేకపోతే ఎక్కి దిగిన ప్రతిసారీ కవరు జరుగుతుంది, ముడతలు పడుతుంది, చివరికి కుట్టు దగ్గరే పిగులుతుంది. బెల్టు బిగించే బకిల్ కవరు కింద పడిపోకుండా పైకి తీయమని కూడా రాయండి.

ఇక మీ ‘వదులుగా’. ఈ ఒక్క మాట మార్చక తప్పదు. చాలా కార్లలో ముందు సీటు వెన్నులో, తలుపు వైపు అంచున, ఎయిర్‌బ్యాగ్ (ప్రమాదం జరిగినప్పుడు ఉబ్బి కాపాడే గాలి సంచి) ఉంటుంది. అక్కడ చిన్న పట్టీ మీద ఆ సంగతి రాసి ఉంటుంది. ‘వదులు’ అంటే బిగువు లేకపోవడం. ‘వదలడం’ అంటే ఖాళీగా విడిచిపెట్టడం. వదులుగా కుట్టినా గుడ్డ అడ్డంగానే ఉంటుంది, సంచి సమయానికి బయటికి రాలేకపోవచ్చు. ‘తలుపు వైపు ఎయిర్‌బ్యాగ్ ఉన్నంత మేర కుట్టకుండా వదలాలి, లేదా సంచి తన్నగానే తెగేలా తయారీదారు ప్రత్యేకమైన కుట్టు వేసిన కవరే తీసుకోవాలి’ అని రాయండి. దర్జీ మామూలు దారం పలచగా వేసి ఇదే అది అంటే ఒప్పుకోకూడదు.

‘లెదర్’ అన్నదీ చూసి వాడండి. కొట్లో ఆ పేరుతో చూపించేవి చాలావరకు కృత్రిమ తోలువి, ఎండలో నిలిపిన కారులో చురుక్కుమంటాయి. అసలు తోలుకే ‘తోలు’ అనండి, తక్కినదాన్ని ‘రెగ్జిన్’ అంటే అందరికీ తెలుస్తుంది.

మరొకటి: కొత్త సీటుకు చుట్టి వచ్చే పలచటి ప్లాస్టిక్‌నూ మనవాళ్లు కవరే అంటారు. దాన్ని ఒలవకుండా పైన కవరు తొడిగితే జారుతుంది, లోపల చెమ్మ నిలుస్తుంది. ‘ప్లాస్టిక్ ఒలిచి, ఆపైన కవరు తొడగాలి’ అని రెండింటికీ రెండు మాటలు పెట్టండి.