మిషన్ ట్రిప్ నుంచి తిరిగొచ్చాక మనసు ఎందుకు కుదురుకోదు?

రెండు వారాలు వేరే దేశంలో సేవ చేసి వచ్చాక సొంత ఇల్లే పరాయిగా అనిపిస్తోందని, ఇది విశ్వాసం తగ్గడమా అని అడిగారు. కాదండీ. దీన్ని రివర్స్ కల్చర్ షాక్ అంటారు, తిరిగొచ్చాక కూడా మళ్లీ అలవాటు పడాల్సి వస్తుందని 1963లోనే గల్లహార్న్ దంపతులనే పరిశోధకులు రాశారు.

అక్కడ రోజంతా ఒకే పని, ఒకే బృందం, పొద్దున్నే కలిసి ప్రార్థన. ఇక్కడ అవన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి, పైగా "ట్రిప్ ఎలా జరిగింది?" అని అడిగినవాళ్లు రెండు నిమిషాలకే వేరే మాటల్లో పడితే చాలా బాధేస్తుంది, ఇంట్లోవాళ్ల ఖర్చులు చూస్తే కోపం కూడా వస్తుంది. ఆ కోపం వాళ్ల మీద చూపించకండి, మీరు చూసింది వాళ్లు చూడలేదు కదా.

మార్కు 6:30-31లో సేవ నుంచి వచ్చిన శిష్యులు జరిగిందంతా చెప్పాక, యేసు ప్రభువు వాళ్లను ఏకాంతంగా కొంచెంసేపు విశ్రాంతి తీసుకోమన్నారు. తొలినాళ్ల సువార్త సేవకులు పౌలు, బర్నబా అయితే తమను పంపిన అంతియొకయకు తిరిగొచ్చి సంఘాన్ని సమకూర్చి మొత్తం వివరించారు. మీరూ ముందు బాగా నిద్రపోండి, తర్వాత బృందంలో ఒకరితో తీరిగ్గా మాట్లాడండి. అక్కడివాళ్లకు ఫోటోలు పంపుతామనో, ఫోన్ చేస్తామనో మాటిచ్చి ఉంటే తప్పకుండా నిలబెట్టుకోండి.

ఇంకోటి, మలేరియా ఉన్న చోటు నుంచి వచ్చుంటే అది రాకుండా ఇచ్చిన మాత్రలు మధ్యలో ఆపకండి, నెలల తర్వాత జ్వరం వచ్చినా డాక్టరుకు ఈ ప్రయాణం సంగతి చెప్పండి.