నాయనమ్మ రిపోర్టులో అన్నీ ‘ఆర్’లే... నేను పీహెచ్‌డీ చేయనా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ రెండో ఏడాది చదువుతున్నాను. పోయిన వేసవిలో మా నాయనమ్మకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి రక్తంలోకి పాకింది. కల్చర్ రిపోర్టులో మందుల పేర్ల పక్కన వరసగా ‘ఆర్’ (రెసిస్టెంట్, అంటే ఆ మందుకు బ్యాక్టీరియా లొంగదని) అనే ఉంది. ఇక కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ ఒక్కటే మిగిలిందన్నారు. పద్దెనిమిది రోజులు ఐసీయూలో ఉండి ఇంటికొచ్చింది కానీ, కిడ్నీలు దెబ్బతిన్నాయి. నానోమెడిసిన్‌తో, అంటే అతి సూక్ష్మ కణాల్లో మందు పెట్టి ఇచ్చే పద్ధతితో, ఇలాంటి బ్యాక్టీరియా మీద పీహెచ్‌డీ చేయాలని నా కోరిక. నాన్నగారేమో ఫార్మా కంపెనీలో క్యూసీ (నాణ్యత పరీక్షల) ఉద్యోగం చూసుకోమంటున్నారు. ఇంటర్ ఎంపీసీ కాబట్టి బయాలజీ రాదు. కెమిస్ట్రీ వాళ్లకు ఇందులో చోటుందా? నానో కణాలతో నిజంగా పని జరుగుతుందా?
– ఒక పాఠకురాలు, బాపట్ల జిల్లా

జవాబు: అమ్మా, నా దగ్గర చదువుకునే పిల్లల ఈడుదానివి కాబట్టి ‘నువ్వు’ అనే రాస్తున్నాను. ఉత్తరం చదువుతుంటే, నాయనమ్మగారు ఇంటికొచ్చారన్న మాట దగ్గర నా మనసు కుదుటపడింది.

కెమిస్ట్రీ వాళ్లకు చోటుందా అన్నావు. ఆ రిపోర్టు తీసి మళ్లీ చూడు. మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ పక్కన ‘ఆర్’ ఉందనుకో. ఆ అణువులో నాలుగు పరమాణువుల చిన్న వలయం ఉంటుంది. బీటా లాక్టమ్ అని నువ్వు చదివే ఉంటావు. మందు బలమంతా అందులోనే ఉంది. బ్యాక్టీరియా తయారుచేసే ఎన్‌డీఎం అనే ఎంజైమ్ రెండు జింక్ అయాన్ల సాయంతో, ఒక నీటి అణువుతో ఆ వలయాన్ని తెంచేస్తుంది. మన దేశంలో చికిత్స చేయించుకుని స్వీడన్ వెళ్లిన ఒక రోగిలో 2008లో దీన్ని మొదట గుర్తించారు. వేరే మందు పక్కన ‘ఆర్’ ఉంటే, లోపలికి వచ్చిన మందును బ్యాక్టీరియా పంపు పెట్టి బయటికి తోడేస్తూ ఉండొచ్చు. ఇంకో మందుకైతే అసలు తలుపే తెరవకపోవచ్చు. ఇదంతా మన సబ్జెక్టే తల్లీ.

కొలిస్టిన్ పాత మందు. బ్యాక్టీరియా పైపొరలోని కొవ్వు అణువులకు అతుక్కుని ఆ పొరను చీలుస్తుంది. కిడ్నీలను దెబ్బతీస్తుందని ఒకప్పుడు పక్కన పెట్టేశారు, వేరే దారి లేక మళ్లీ తీశారు. మీ నాయనమ్మగారికి ఇన్ఫెక్షన్ వల్ల ఎంత నష్టం జరిగిందో, మందు వల్ల ఎంత జరిగిందో డాక్టర్లే చెప్పాలి. నానోమెడిసిన్ అవసరం మాత్రం సరిగ్గా అక్కడే పుట్టింది.

నానో కణం బుల్లెట్‌లా బ్యాక్టీరియాలోకి దూసుకుపోతుందని చాలామంది అనుకుంటారు. లెక్క చూడు. మందు దూరే రంధ్రం వెడల్పు సుమారు ఒక నానోమీటరు. మనం చేసే కణం తరచుగా వంద నానోమీటర్లు. అది ఆ తలుపులో పట్టదు. అది చేసే పని వేరు. మందును కావలసిన చోటికి మోసుకెళ్లి, అక్కడ ఎక్కువసేపు నిలిపి, మిగతా శరీరానికి తక్కువ తగిలేలా చూస్తుంది. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు అందరూ ఊరూరా వెతికిన లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ గుర్తుందా? అది ఫంగస్ మందు. దాన్ని సన్నని కొవ్వు బుడగల్లో పెట్టడం వల్లే కిడ్నీల మీద దెబ్బ తగ్గింది. యాంటీబయాటిక్స్‌లోనూ ఆ దారి తెరుచుకుంది. అమికాసిన్ అనే యాంటీబయాటిక్‌ను అలాంటి బుడగల్లో పెట్టి, నెబ్యులైజర్‌తో పీల్చుకునే మందుగా 2018లో అమెరికాలో అనుమతించారు. ఊపిరితిత్తుల్లో కొన్ని మొండి మైకోబ్యాక్టీరియాలు మన రక్షక కణాల్లోనే దాక్కుంటాయి. ఆ రక్షక కణాలే ఈ బుడగలను మింగుతాయి. నన్నడిగితే నానోమెడిసిన్‌లో అన్నిటికంటే అందమైన ఆలోచన ఇదే.

ఇక నా అనుభవం చెబుతాను, నీకు అన్నిటికంటే ఎక్కువ అవసరమయ్యేది అదే. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో రంధ్రాలున్న సిలికా కణాలు చేసి, వాటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ నింపాను. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో తేనెపట్టులా ఉండేవి. 96 గుంటల ప్లేటులో మోతాదు సగానికి సగం తగ్గించుకుంటూ వేసి, రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచేదాన్ని. బ్యాక్టీరియా పెరిగితే గుంట మసకబారుతుంది. పొద్దున్నే చూస్తే చాలా తక్కువ మోతాదులోనూ గుంటలన్నీ తేటగా ఉండేవి. ఎనిమిది నెలలు ఆ సంతోషంలోనే గడిచాయి. ఒకరోజు మైక్రోబయాలజీ ల్యాబ్‌లో ఉండే అక్క అడిగింది, “మందు నింపని ఖాళీ కణాలు వేసి చూశావా?” అని. వేశాను. అవీ చంపాయి. సిలికాకు అచ్చుగా వాడే సీట్యాబ్ అనే సబ్బులాంటి పదార్థం పూర్తిగా కడగక రంధ్రాల్లో మిగిలిపోయింది. చంపుతున్నది అదే. మన ఎర్ర రక్తకణాలనూ అది అలాగే పగలగొడుతుంది. ఆ రాత్రి హాస్టల్‌లో ఏడ్చాను. మర్నాటి నుంచి ఆ కణాలను యాసిడ్ కలిపిన ఆల్కహాల్‌లో మరిగించి కడగడం దగ్గర మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు ఏ విద్యార్థి ఫలితం తెచ్చినా ముందు ఖాళీ కణాల గుంట చూపించమంటాను.

అందుకే గైడ్‌ను ఎంచుకునేటప్పుడు పేపర్ల సంఖ్య ఒక్కటే చూడకు. ఆ ల్యాబ్ వాళ్లు బ్యాక్టీరియాను ఎక్కడ పెంచుతారో అడుగు. శాంపిల్ బయటికి పంపి అంకెలు తెప్పించుకునే చోట యంత్రాలు నేర్చుకుంటావు కానీ బ్యాక్టీరియా సంగతి తెలియదు. ఆస్పత్రుల నుంచి వచ్చిన మొండి రకాల మీద పరీక్షిస్తున్నారా, మందులకు తేలిగ్గా లొంగే రకాల మీదేనా అని కూడా అడుగు. హైదరాబాద్‌లో కెమిస్ట్రీ పరిశోధన సంస్థ ఐఐసీటీ, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ పక్కపక్కనే ఉన్నాయి, ఆ సౌకర్యం చిన్నది కాదు. నేనూ ఎంపీసీనే. బ్యాక్టీరియా కాలనీలు లెక్కపెట్టడం మొదటి ఏడాదిలోనే చేతికి వస్తుంది.

నానో ఒక్కటే దారి అనుకోకు. నీది ఆర్గానిక్. చెన్నైలో పుట్టిన ఎన్మెటజోబాక్టమ్ అణువు, మందును తెంచే ఎంజైముల్లో ఒక రకాన్ని అడ్డుకుంటుంది. సెఫెపిమ్ అనే యాంటీబయాటిక్‌తో కలిపి దానికి 2024 ఫిబ్రవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. ఎన్‌డీఎం మీద అది పనిచేయదు. కాబట్టి నీకు పని మిగిలే ఉంది.

నాన్నగారి మాట తీసెయ్యకు. క్యూసీ ఉద్యోగం ఈ సమస్యకు దూరం కాదు. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాల శుద్ధి కేంద్రం ఒకటి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో ఒక అధ్యయనం బయటపెట్టింది. ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి నీళ్లలో బ్యాక్టీరియా మొండిదేరుతుంది. కంపెనీ నీటిలో ఏముందో నిజాయితీగా కొలిచి చెప్పే కెమిస్టులు మనకు చాలామంది కావాలి.

డబ్బు విషయం తేల్చి చెబుతాను. పరిశోధన ఫెలోషిప్ కోసం రాసే సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. జేఆర్ఎఫ్ (జూనియర్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్)లో 42,000 ఇస్తారు. ఇంటి అద్దె భత్యం అదనం. ఐదారేళ్లు పడుతుంది. జేఆర్ఎఫ్ వస్తే వెళ్లిపో, నాన్నగారికి నేనే ఉత్తరం రాస్తాను. రాకపోతే ఫెలోషిప్ లేకుండా ఆశ మీద చేరొద్దు. ఉద్యోగంలో చేరి, హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) బాగా నేర్చుకుంటూ మళ్లీ నెట్ రాయి.

రిజల్ట్ ఏదైనా నాకు తెలియజెయ్యి. నాయనమ్మగారి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఇప్పుడెంత ఉందో కూడా రాయి.