బ్రేకులు విప్పే ముందు ఇది చదువు, అల్లుడూ

అల్లుడూ,

పాత ఆల్టో కొన్నావని, దాని బ్రేకులు సరిగ్గా పడట్లేదని, మెకానిక్ దగ్గరికి పోకుండా వాకిట్లోనే విప్పుతానంటున్నావని నిన్న అక్క ఫోన్‌లో చెప్పింది. ఆమె భయపడుతూ చెప్పింది గానీ నాకైతే ముందు సంతోషమే అయింది, మన ఇంట్లో పానా పట్టేవాడు ఇంకొకడు తయారయ్యాడని. తర్వాత మెల్లగా అసలు విషయం బయటపెట్టింది: అదే కారులో దేవరకొండ నుంచి శ్రీశైలం తీసుకుపోతానని ఆమెకు మాటిచ్చావట. అప్పట్నుంచి నిద్ర లేదురా నాకు.

వెంటనే విప్పకు. ముందు పెడల్ సంగతి చూడు. తొక్కితే మెత్తగా దిగి, రెండుమూడుసార్లు కొడితే గట్టిపడుతుందంటే లైన్‌లో, అంటే బ్రేక్ ఆయిల్ పోయే గొట్టంలో, గాలి ఉండొచ్చు. తొక్కి పట్టుకున్నాక మెల్లమెల్లగా కిందికి జారుతుంటే ఎక్కడో ఆయిల్ కారుతోంది, లేదంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల దాకా నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు పోయాయి. బ్రేక్ వేస్తే బండి ఎడమకు గుంజుతోందా? కుడి చక్రం పట్టడం లేదేమో చూడు, చాలామంది ఎడమదే విప్పుకుని కూర్చుంటారు.

చదును నేల, చక్రాలకు రాళ్లు, బండి లేపకముందే నట్లు వదులు చేయడం, ఇవన్నీ నీకు తెలిసినవే. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరావని తెలిస్తే మాత్రం అక్కడికే వచ్చి చెంప పగలగొడతా. స్టాండ్లు పెట్టు. ఇటుకలు పెట్టకు, అవి చెప్పకుండా పగులుతాయి. ముందు చక్రాల ప్యాడ్లు మారిస్తే రెండు పక్కలా మార్చు, ప్యాడ్లను నొక్కే కాలిపర్‌ను విప్పాక దాని ఆయిల్ గొట్టం మీద వేలాడదీయకుండా తీగతో కట్టు. వెనక డ్రమ్ముల్లో దుమ్ము నోటితో ఊదకు, ఊపిరితిత్తులు పాడవుతాయి. తడి గుడ్డతో తుడువు.

ఇక ఆయిల్. నా భయమంతా దీని గురించే.

నేను జీపు మీద క్లీనర్‌గా ఉన్న రోజుల్లో, శివరాత్రి కిరాయి దొరికిందని ఓనరు తొందరపెట్టాడు. బ్రేక్ ఆయిల్ డబ్బాలో లెవల్ తగ్గిందని డ్రైవర్ అంటే, ఆయిల్ ఆయిలే కదా, డబ్బులెందుకు దండగ అని మిల్లులో మిగిలిన ఇంజిన్ ఆయిల్ తెచ్చి తనే పోశాడు. మొదట ఏమీ కాలేదు, పైగా పెడల్ గట్టిగా అయిందని సంబరపడ్డాడు కూడా. డిండి దాటేసరికి బండి బరువుగా లాగుతోందని డ్రైవర్ అన్నాడు, మన్ననూరులో ఆపి చూస్తే చక్రాల దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. ఎండ అనుకున్నాం. ఈగలపెంట దాటి డ్యాం వైపు దిగే మలుపుల్లో పెడల్ నేలకు తగిలింది. వెనక ముసలోళ్లు, పిల్లలు శివనామం చదువుతున్నారు, వాళ్లకేమీ తెలియదు. డ్రైవర్ గేర్లు తగ్గిస్తూ, హ్యాండ్‌బ్రేక్ కొంచెం కొంచెం లాగుతూ కొండ పక్క కాల్వలోకి దింపాడు, లోయ పక్క కాదు. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. తర్వాత మెకానిక్ మాస్టర్ సిలిండర్ విప్పితే లోపలి రబ్బరు వాషర్లు నానబెట్టిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. అవి ఉబ్బి ఆయిల్ వెనక్కి వచ్చే రంధ్రాన్ని మూసేశాయి, బ్రేకులు వదలకుండా రాసుకున్నాయి, ఆ వేడికి లైన్‌లో ఆయిల్ మరిగి ఆవిరైంది. ఆవిరిని ఎంత తొక్కినా చక్రం దాకా బలం పోదు కదా. రబ్బర్లన్నీ మార్చాల్సి వచ్చింది. ఓనరు ఆ ఖర్చు డ్రైవర్ జీతంలో కోశాడు, అది నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

అందుకే చెప్తున్నా, బండిలో బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద ఆయిల్ రకం డాట్ 3 అని ఉంటే డాట్ 3 పొయ్యి, 4 అని ఉంటే 4. ఎవరింట్లోనో సగం వాడి వదిలేసిన డబ్బా అసలు వద్దు, బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినది 140 దగ్గరే మరగొచ్చు. మన ఊళ్లో తిరిగితే ఆ తేడా తెలియదు, ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది. నీ బండిలో పాత ఆయిల్ ఎప్పటిదో ఎవరికి తెలుసు, మొత్తం తీసేయి. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లు పొయ్యి, పెయింట్ లేచిపోతుంది.

గాలి తీయడానికి ఇంకో మనిషి కావాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, నువ్వు చక్రం దగ్గర గాలి వదిలే చిన్న నిప్పల్ వదులు చేసి మళ్లీ బిగించేదాకా వాళ్లు కాలు తీయకూడదు. తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. మధ్యలో డబ్బా ఖాళీ కాకుండా చూస్తూ ఉండాలి. అక్కను కూర్చోబెట్టకు, మోకాళ్ల నొప్పితో ఆమె అంతసేపు తొక్కి పట్టలేదు, పైగా నువ్వు కేక వేయగానే కంగారులో కాలు తీసేస్తుంది. ఆదివారం నేనే మిర్యాలగూడలో పొద్దుటి బస్సు ఎక్కుతా. బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా కొట్టాలి, తర్వాత ఖాళీ జాగాలో మెల్లగా నడిపి చూద్దాం. శ్రీశైలం ముచ్చట ఆ తర్వాతే, అక్కతో నేను మాట్లాడతాలే.

సీలు ఉన్న డబ్బా ఒకటి కొని పెట్టు. నేను వచ్చేదాకా మూత తీయకు.

మీ మామ