పెనం జిగురు పట్టడానికి కారణం నూనె ఎక్కువ కావడమే

బొబ్బిలిలో మీ అమ్మమ్మగారి అటక మీద దొరికిన పోత ఇనుప పెనానికి తుప్పు వదిలించి, నూనె దట్టంగా పట్టించి రెండు రోజులు ఎండలో ఉంచినా, పైన జిగురు మిగిలిందనీ, అట్టు ఊడి రావడం లేదనీ రాశారు. లోపం పెనానిది కాదు, నూనె మోతాదుది. పలుచని నూనె పొర బాగా కాలినప్పుడే గట్టిపడి ఇనుమును అంటుకుంటుంది. మందంగా పూస్తే సగమే గట్టిపడి బంకలా మిగిలిపోతుంది. పైగా, ఎండ వేడి అందుకు ఏ మాత్రమూ చాలదు.

ముందుగా ఆ బంకను వేడినీళ్లు, సబ్బు, స్టీలు పీచుతో పూర్తిగా తోమేయండి. అంచుల్లో తుప్పు ఇంకా ఉంటే, వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి అరగంటకు మించకుండా నానబెట్టండి; అంతకుమించితే ఆ పులుపు ఇనుమునే తినేస్తుంది. కడిగిన వెంటనే పొయ్యి మీద తడి ఆర్చండి, మన వైపు ఉక్కపోతలో గాలికి వదిలేస్తే మళ్లీ తుప్పు పడుతుంది.

పెనం గోరువెచ్చగా ఉండగా అర చెంచా నూనె (నేను నువ్వుల నూనే వాడతాను) అంతటా రుద్ది, అసలు రాయలేదేమో అనిపించేంతగా పొడి గుడ్డతో తుడిచేసి, కిటికీలు తెరిచి, పొగ వచ్చి ఆగేవరకు మధ్యస్థమైన మంట మీద కాల్చండి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే గోధుమరంగు తిరిగి క్రమంగా నల్లబడుతుంది. కాలిన పెనం మీద చన్నీళ్లు మాత్రం పోయకండి, పోత ఇనుము పగులుతుంది. మొదటి వారం అట్టు వేసే ముందు ప్రతిసారీ, నూనెలో ముంచిన ఉల్లిపాయ చెక్కతో పెనాన్ని రుద్దండి.